మల్లెలతీర్థం చూచి వచ్చాము

జలపాతం చూడాలంటే మన ప్రాంతం వారు చాలా దూరం పోతారు. కొందరు ఆదిలాబాదు జిల్లా కుంటాలకు, కొందరు ములుగు జిల్లా బొగతకు బస్సులు మాట్లాడుకొని వెళ్ళి వస్తారు. మన నాగర్‌కర్నూల్ జిల్లాలోనే, నల్లమల అడవి నడుమ, దాదాపు 150 అడుగుల ఎత్తు నుండి దూకే జలపాతం ఉన్నది. దాని పేరు మల్లెలతీర్థం. శ్రీశైలం పోయే బస్సులో కూర్చుని వటవర్లపల్లి దగ్గర ఆ పేరుగల బోర్డు చూచినవారు మనలో ఎందరో ఉన్నారు గాని, దిగి లోపలికి వెళ్ళినవారు కొద్దిమందే. అందుకే ప్రియ పాఠకులారా, మేము చూచి వచ్చిన సంగతులు మీతో పంచుకోవాలని ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

అక్టోబరు నెల మొదటి వారంలో, తెలకపల్లి నుండి నాలుగు కుటుంబాల వారము, పెద్దలు తొమ్మిదిమంది, పిల్లలు ఆరుగురు, ఒక తుఫాను బండి మాట్లాడుకొని బయలుదేరాము. పత్తి మొదటి ఏరుడు ఇంకా మొదలు కాలేదు గనుక ఇళ్ళల్లో కొంచెం తీరిక ఉన్నది. శనివారం ఎంచుకున్నాము, ఎందుకంటే ఆదివారం ఆరాధనకు అందరమూ ఊళ్ళో ఉండాలి. ఆడవారు తెల్లవారుజామునే లేచి జొన్నరొట్టెలు, పల్లీల పొడి, పులిహోర సద్ది కట్టారు.

తెలకపల్లి నుండి అచ్చంపేట, అక్కడినుండి హాజీపూర్ చౌరస్తా, ఆ తరువాత హైదరాబాదు-శ్రీశైలం రహదారి పట్టుకొంటే మన్ననూరు వస్తుంది. మన్ననూరు దగ్గర అటవీశాఖ వారి చెక్‌పోస్టు ఉన్నది. రాత్రి 9 గంటల నుండి ఉదయం 6 గంటల దాకా ఆ గేటు మూసి ఉంచుతారు. రాత్రివేళ జంతువులు రోడ్డు దాటుతాయి గనుక ఈ ఏర్పాటు. గేటు దాటగానే చేలు, ఊళ్ళు వెనుకబడి, రెండు పక్కలా అడవి మొదలవుతుంది. గాలి చల్లబడుతుంది. బండిలో పాటలు పాడుతున్న పిల్లలు కూడా కిటికీల దగ్గర చేరి మౌనంగా చూడసాగారు.

ఈ అడవి సంగతి కొంచెం చెప్పాలి. 1978లో నాగార్జునసాగర్-శ్రీశైలం అభయారణ్యంగా దీనిని ప్రకటించారు. 1983లో పెద్దపులుల సంరక్షణ పథకం క్రిందికి తీసికొన్నారు. 2014లో రాష్ట్రం రెండుగా అయిన తరువాత, కృష్ణకు ఇవతల ఉన్న భాగాన్ని 2015లో అమ్రాబాద్ పులుల అభయారణ్యంగా ఏర్పరచారు. దాని విస్తీర్ణం 2,611 చదరపు కిలోమీటర్లు. మన దేశంలోని పెద్ద పులుల అడవులలో ఇది ఒకటి. నల్లమద్ది, ఏగి, చిరుమాను, తునికి, ఇప్ప, మోదుగ, సారచెట్టు, ఉసిరిక - మన పెద్దలకు పేర్లతో తెలిసిన చెట్లన్నీ అక్కడ ఉన్నవి.

వటవర్లపల్లి దగ్గర రహదారి వదలి లోపలికి తిరిగితే సుమారు 8 కిలోమీటర్లు అడవి దారి. అక్కడ మాకు గైడు దొరికాడు. ఏబది ఏండ్లు దాటిన చెంచు పెద్దాయన. తన పేరు పత్రికలో వేయవద్దని కోరాడు గనుక వ్రాయడం లేదు. కాళ్ళకు రబ్బరు చెప్పులు, భుజాన తువ్వాల, చేతిలో ఒక కర్ర, నడుముకు చిన్న కత్తి. అటవీశాఖలో కొన్నేండ్లు వాచరుగా పనిచేశాడట. పులుల లెక్క తీసే రోజులలో అధికారుల వెంట తిరిగాడట. "మునుపు అడుగు ముద్రలు సూసి లెక్క రాసుకునేటోళ్ళు సారూ. ఇప్పుడు చెట్లకు కెమెరాలు కడ్తున్నరు. ముద్రయితే నేను గుర్తువడ్త, కెమెరా బొమ్మలయితే ఆఫీసోళ్ళు సూస్కుంటరు" అన్నాడు.

బండి నిలిపిన చోట రుసుము చెల్లించి నడక మొదలుపెట్టాము. జలపాతం చూడాలంటే పైకి ఎక్కడం కాదు, లోయలోకి దిగాలి. మెట్లు సుమారు 350 అంటారు. పిల్లలు లెక్కపెట్టడం మొదలుపెట్టి, మూడువందలు దాటిన తరువాత కోతుల గుంపును చూచి లెక్క మరచిపోయారు. దిగేటప్పుడు గైడు అందరికంటే ముందు నడిచాడు. అప్పుడప్పుడు ఆగి మా వెనుక ఎవరైనా మిగిలిపోయారా అని చూచేవాడు. మాలో ఒక తల్లికి మోకాళ్ళ నొప్పి ఉన్నది. ఆమెను అడగకుండానే తన కర్రను ఆమె చేతికి ఇచ్చి, "మెల్లగ దిగమ్మా, నీళ్ళు యాడికి పోవు" అన్నాడు.

దారిలో ఆయన చూపినవన్నీ మా అంతట మేము వెళ్ళి ఉంటే చూచేవారము కాము. ఒక మద్దిచెట్టు బెరడు మీద నిలువుగా గీతలు. ఎలుగుబంటి తేనెకోసం ఎక్కిన గుర్తు అది. ఒక రాతి క్రింద చిన్న గుంటలు గుంటలుగా ఇసుక. చీమలను పట్టే పురుగు తవ్విన ఉచ్చు అది. ఒకచోట నేలలోకి పాకిన సన్నని తీగను చూపి, దాని వేరు సుగంధిపాల అని, ఎండకాలం షర్బతుకు వాడేది ఇదేనని చెప్పాడు. పిల్లలు ఆయనను "తాతా, తాతా" అని పిలుస్తూ ఒక్కొక్క ఆకు గురించి అడగసాగారు. ప్రతి దానికీ ఆయన దగ్గర పేరు ఉన్నది, దానితో ఏమి చేస్తారో ఒక మాట ఉన్నది.

మెట్లు చివరకు వచ్చేసరికి నీళ్ళ చప్పుడు తప్ప మరేమీ వినబడలేదు. ఎదుట నల్లని, ఎర్రని రాతి గోడ. దాని పైనుండి నీరు మొదట ఒక ధారగా దూకి, మధ్యలో రాతి మెట్లకు తగిలి పదిపదిహేను పాయలుగా చీలిపోతుంది. క్రిందికి వచ్చేసరికి వాననీటి జల్లు వలె మీద పడుతుంది. చుట్టూ రాళ్ళ మీద పచ్చని నాచు, చెట్ల వేర్లు తాళ్ళ వలె వ్రేలాడుతున్నవి. మా ఊళ్ళలో బోరుబావిలో రెండంగుళాల నీరు పడితే పండుగ చేసికొనే వాళ్ళము మేము. అన్ని నీళ్ళు అడగనివారికి కూడా అలా పడుతూ ఉంటే చూచి చాలాసేపు ఎవరమూ మాట్లాడలేదు. ఒక ముసలమ్మ దోసిలి పట్టి ముఖం కడుగుకొని, "ప్రభువా" అని మాత్రం అన్నది.

ఇది శివభక్తులకు పుణ్యస్థలం. పూర్వం మునులు ఇక్కడ తపస్సు చేశారని వారి నమ్మకం. మేము వెళ్ళిన రోజు కూడా ఒక కుటుంబం పూజకు వచ్చింది. వారి పని అయ్యేదాక మేము ఒక ప్రక్కన నిలబడ్డాము. వెళ్ళేవారు ఈ మర్యాద మరువకూడదు.

ఈ జలపాతం ఎలా ఏర్పడిందో తెలిసికొంటే చూచే కన్ను మారుతుంది. అమ్రాబాద్ పీఠభూమి పైభాగమంతా చాలా గట్టి రాయి. కోట్ల సంవత్సరాల క్రితం నీటి అడుగున పేరుకొన్న ఇసుక బిగిసి రాయిగా మారింది. దానిని శాస్త్రజ్ఞులు శ్రీశైలం క్వార్ట్‌జైట్ అంటారు. అది పొరలు పొరలుగా, చపాతీలు పేర్చినట్లు పరచుకొని ఉంటుంది. పైన పడిన వాన కొంత నేరుగా వాగులోకి జారుతుంది. కొంత ఆకుల ఎరువులో, మట్టిలో ఇంకి, రాతి పగుళ్ళలో దిగి, మెల్లమెల్లగా ఊటగా బయటికి వస్తుంది. వానలు నిలిచిన తరువాత కూడా కొన్ని నెలలు ధార ఆగకపోవడానికి ఆ ఊటే కారణం. ఎండకాలంలో ధార సన్నబడుతుంది. అప్పుడు అడవి జంతువులు ఈ లోయకే దాహం తీర్చుకోవడానికి వస్తాయని గైడు చెప్పాడు. ఇక్కడినుండి వాగు అడవిలోపలే ప్రయాణం చేసి కృష్ణలో కలుస్తుంది.

ఇక అసలు సంగతి. పిల్లలు, యవ్వనస్థులు ధార క్రింద తడిసి ఆడుకొంటున్నారు. ఎండ బాగా కాస్తున్నది. ఆకాశం మా నెత్తిమీద నీలంగా ఉన్నది. ఇంకో గంట ఉండి, అక్కడే రాళ్ళ మీద సద్ది విప్పుదామని అనుకొంటున్నాము. గైడు ఒక రాతి మీద కూర్చుని నీళ్ళవైపే చూస్తున్నాడు. ఉన్నట్టుండి లేచి మా దగ్గరకు వచ్చి, "సారూ, పిల్లల్ని పైకి ఎక్కియ్యుండ్రి" అన్నాడు.

"ఏమైంది పెద్దాయనా, ఇప్పుడే కదా వచ్చింది" అన్నాము.

"నీళ్ళ రంగు సూడుండ్రి. మీరొచ్చినప్పుడు గాజులెక్క ఉండె. ఇప్పుడు ఛాయ్ రంగుకు వస్తుంది. పచ్చి ఆకులు గూడ తేలి వస్తున్నయి. పైన యాడనో గట్టిగ కురిసింది. అడిగేది మెట్లెక్కినంక అడుగుండ్రి."

ఆ మాటలో కోపం లేదు, కంగారు లేదు. కాని ఎదురు చెప్పడానికి సందు కూడా లేదు. పిల్లలు అలిగారు. ఒక అబ్బాయి ఇంకో ఐదు నిమిషాలని ఏడ్చాడు. గైడు వాడిని ఎత్తుకొని నడిచాడు. మేము దాదాపు వంద మెట్లు ఎక్కి ఒక మలుపు దగ్గర ఆగాము. అరగంట అయి ఉంటుంది. చప్పుడు మారింది. అప్పటివరకు జల్లుగా పడుతున్న నీరు ఎర్రని మట్టిరంగుతో బండలా విరుచుకుపడింది. పిల్లలు కూర్చున్న రాళ్ళు, మేము సద్ది విప్పుదామనుకొన్న చోటు, రెండూ నీటి అడుగున పోయాయి. ఒక ఎండిన కొమ్మ పైనుండి వచ్చి సరిగ్గా ఆ మడుగులో పడింది. ఏడ్చిన అబ్బాయి గైడు చేయి పట్టుకొని వదలలేదు.

మన పల్లెల వారికి ఇది కొత్త సంగతి కాదు. దుందుభి వాగు దాటేటప్పుడు మనమీద చినుకు పడకపోయినా ఎగువన కురిసిన వానకు వాగు ఒక్కసారి పొంగడం మనము ఎరుగుదుము. జలపాతం దగ్గర ఆ ప్రమాదం మరీ ఎక్కువ. ఎందుకంటే లోయలో నిలబడినవారికి ఎగువ ఆకాశం కనబడదు, నీళ్ళ చప్పుడులో ఉరుము కూడా వినబడదు. సన్నని ధార చూచి ధైర్యం వస్తుంది. పైన వాలు నేల మీద పడిన వాన మాత్రం కొద్దిసేపట్లోనే అంచుకు చేరుతుంది. రంగు మారడం, ఆకులు పుల్లలు తేలి రావడం, చప్పుడు బరువెక్కడం - ఈ మూడు గుర్తులలో ఏది కనబడినా వెంటనే పైకి వెళ్ళాలి. బట్టలు, చెప్పులు తీసికొనే ఆలస్యం కూడా చేయకూడదు.

పైకి చేరి, ఒక చెట్టు నీడన కూర్చుని సద్ది విప్పాము. గైడు దూరంగా కూర్చోబోతే మా ఆడవారు పిలిచి మధ్యలో కూర్చోబెట్టారు. జొన్నరొట్టె ఇష్టంగా తిన్నాడు. అప్పుడు ఆయన చెప్పిన మాటలు వ్రాయకపోతే ఈ వ్యాసం సగమే అవుతుంది.

చెంచులు తేనె తీసే పద్ధతి చెప్పాడు. లోయ అంచున రాతి గోడకు పట్టిన పెద్ద తేనెపట్టు తీయాలంటే నారతో పేనిన తాడు కట్టుకొని దిగాలి. పైన ఆ తాడు పట్టుకొని కావలి ఉండేది ఎవరో తెలుసా అని పిల్లలను అడిగాడు. అన్న అన్నారు కొందరు, నాయన అన్నారు కొందరు. "కాదు బిడ్డా, బామ్మర్ది" అన్నాడు. అక్క తాళి తన చేతిలో ఉన్నదని బామ్మర్ది తాడు వదలడట. పట్టు మొత్తం కోయరు, ఈగలకు కొంత విడిచిపెడతారు. తీసిన తేనె, జిగురు, కుంకుళ్ళు గిరిజన సహకార సంస్థ డిపోలో అమ్ముతారు.

చెంచుల ఊళ్ళను పెంటలు అంటారు. 1940లో ఆస్ట్రియా దేశస్థుడైన క్రిస్టోఫ్ ఫాన్ ఫ్యూరర్-హైమెండార్ఫ్ అనే పండితుడు ఈ అమ్రాబాద్ కొండలలో చెంచుల మధ్య ఉండి, వారి బ్రతుకును గూర్చి వ్రాసిన గ్రంథం 1943లో అచ్చయింది. అప్పటికి వారు ముఖ్యంగా గడ్డలు తవ్వుకొని, పండ్లు ఏరుకొని, వేటాడి బ్రతికేవారు. ఇప్పుడు రేషను బియ్యం వచ్చింది, ఆశ్రమ పాఠశాలలు వచ్చాయి, మన్ననూరులో ఐటీడీఏ కార్యాలయం ఉన్నది. 2019లో ఈ కొండలలో యురేనియం కోసం తవ్వుతారని వార్త వచ్చినప్పుడు చెంచులతో పాటు అచ్చంపేట, అమ్రాబాద్ ప్రాంత రైతులందరూ రోడ్డెక్కారు. ఆ సంవత్సరం సెప్టెంబరులో నల్లమలలో యురేనియం తవ్వకాలు వద్దని తెలంగాణ శాసనసభ తీర్మానం చేసింది. ఈ రాతి పొరలలో నుండే మనము చూచిన ఊట వస్తుంది గనుక, ఆ తీర్మానం మన నీళ్ళ సంగతి కూడా.

గైడును ఇప్పుడు కలత పెడుతున్నది మరొకటి. పులుల అడవి లోపలి ఊళ్ళవారు ఇష్టపడితే బయటికి వెళ్ళవచ్చునని ప్రభుత్వ పథకం ఉన్నది. కుటుంబానికి ఇచ్చే సొమ్మును 2021లో 10 లక్షల నుండి 15 లక్షలకు పెంచారు. డబ్బు వద్దనేవారికి భూమి, ఇల్లు ఇచ్చే ఏర్పాటు ఉన్నది. బలవంతం చేయకూడదని చట్టం చెబుతున్నది. ఈ అడవిలో కొన్ని ఊళ్ళ వారు పోదామంటున్నారు, కొందరు పోమంటున్నారు. ఆసుపత్రి, కరెంటు, పిల్లల చదువు దగ్గరవుతాయని పోయేవారి ఆశ. పులికి తావు కావాలన్నది కూడా కాదనలేని మాటే.

"మరి మీరేమంటారు?" అని అడిగాము.

ఆయన చాలాసేపు రొట్టె ముక్క చేతిలో పట్టుకొని ఊరకున్నాడు. "నా కొడుకు హాస్టల్ల ఇంటర్ సదువుతుండు సారూ. వానికి కంప్యూటర్ వస్తది. నీళ్ళ రంగు మాత్రం సూడరాదు. నేర్పుదమంటె సెలవులల్ల వారం రోజులుంటడు. ఆడికి పోతె వాడు బాగుపడ్తడు, నేను కాదన. మల్ల ఈడికొచ్చే మీ పిల్లలకు ఎవలు చెప్తరు?"

ఆ ప్రశ్నకు మా దగ్గర జవాబు లేదు. ఆయన కొడుకును చదువు మాని అడవిలో ఉండమని చెప్పే హక్కు మనకు లేదు. మన పిల్లలను పట్నం బడికి పంపుకొనే వాళ్ళమే మనమంతా. అయితే ఒకటి మాత్రం తోచింది. ఈ విద్యకు కూలి దొరికితే, గౌరవం దొరికితే, చదువుకొన్న కొడుకు కూడా సెలవులలో తండ్రి వెంట లోయలోకి దిగుతాడు. వంద రూపాయల దగ్గర బేరమాడి, "దారి మాకు తెలుసులే" అని గైడును వదలి పోయేవారు ఎక్కువైతే దిగడు. బండికి, డీజిలుకు, తినుబండారాలకు మనము లెక్క చూడకుండా పెడతాము. ప్రాణాలు కాచే మనిషి దగ్గర మాత్రం లెక్క చూస్తాము.

మీరు వెళ్ళదలచితే ఈ సంగతులు గుర్తుంచుకోండి. అక్టోబరు నుండి ఫిబ్రవరి దాక మంచి కాలం. ఆర్టీసీ బస్సులో వచ్చి వటవర్లపల్లి దగ్గర దిగేవారికి లోపలి 8 కిలోమీటర్లకు బండి కావాలి గనుక ముందే ఏర్పాటు చేసికొని వెళ్ళడం మేలు. ఉదయమే చేరి, మధ్యాహ్నం మూడు గంటలలోపు పైకి వచ్చేయండి. రాత్రి 9 గంటలకు చెక్‌పోస్టు మూస్తారని మరువవద్దు. ప్లాస్టిక్ సంచులు, సీసాలు అడవిలో వేయరాదు. తెచ్చినవి తిరిగి తీసికొని పోవాలి. కోతులకు తిండి వేయకండి. మోకాళ్ళ నొప్పులు, ఆయాసం ఉన్నవారు మెట్లు తిరిగి ఎక్కాలన్న సంగతి తలచుకొని దిగండి. అన్నిటికంటే ముఖ్యంగా, స్థానిక చెంచు గైడును వెంట తీసికొని వెళ్ళండి. కూలి ముందే మాట్లాడుకోండి, మాట్లాడుకొన్నదానికి కొంచెం ఎక్కువే ఇవ్వండి. ఆయన పైకి రమ్మంటే ఎందుకని అడగకుండా మెట్లెక్కండి. అడిగేది పైకి వచ్చిన తరువాత అడగవచ్చు.